బెంగళూరు నుంచి రాని బిస్కెట్లు

"ఇవి మా ఇంట్లో చేసినవన్నా" అని నేను అనవలసింది. అనలేదు. కొత్త సంవత్సరం రోజు పొద్దున, అన్న ఇంటి వరండా నిండా జనం ఉండగా, ఆయన నేను తెచ్చిన పెట్టెలోంచి ఒక బిస్కెట్టు తీసి కొరికి, "బెంగళూరువాప్పా?" అని అడిగాడు. నేను నవ్వాను. మా వైపు పెద్దవాళ్ళు అడిగినప్పుడు నవ్వితే అవుననే అర్థం. ఆ తర్వాత జరిగిందంతా ఆ నవ్వు మీద లేపిన మిద్దె.

మా బుక్కరాయసముద్రంలో ఇప్పటికీ కొందరు నన్ను ఆపి, బెంగళూరులో ఆ బేకరీ ఏ వీధిలో ఉందని అడుగుతారు. అటువంటి బేకరీ లేదు. మా ఆవిడ గురించి ఇంకో కథ తిరిగింది. అంగడిలో కొన్నవి తెచ్చి తన చేత్తో చేసినట్టు చెప్పుకునే మనిషి అని. రెండు కథలూ నావల్లే పుట్టాయి. మొదటిదాంతో నాకు పేరొచ్చింది, రెండోదాంతో ఆమె పేరు పోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు అన్న ఎవరో చెప్పాలి. నాకు తోడబుట్టినవాడు కాదు. మా జిల్లాలో రాజకీయాల్లో ఉన్న ప్రతి పెద్దమనిషీ అన్నే. ఈయన నాకంటే చిన్నవాడు, అయినా అన్నే. ఆయన భార్య వదినమ్మ. నాది బోరుబావి మోటార్ల అంగడి. నీళ్ళు లేని నేలలోంచి నీళ్ళు తోడే యంత్రాలు అమ్ముకుని బతికేవాడికి అబద్ధం మరీ కొత్త విద్య కాదని నాకు తెలుసు. అయితే ఆ అబద్ధాన్ని ఇంట్లోకి తెచ్చుకోవడం కొత్త.

ఆ డిసెంబరులో మా ఆవిడ ఫోనులో ఏదో చూస్తూ, "ఈసారి క్రిస్మస్‌కు ఈ బిస్కెట్లు చేస్తా" అంది. నక్షత్రాలు, గంటలు, వాటి మీద చక్కెరతో రంగురంగుల ముగ్గులు. మా ఇంట్లో పండగంటే ఓళిగలు, నిప్పట్లు.

"మనమేమన్నా క్రిస్టియన్లమా మే?" అన్నాను.

"మన ఓళిగలు తినేటప్పుడు వాళ్ళు నీ గోత్రం అడిగినారా?"

ఆమె పద్ధతి అది. నేను ప్రశ్న వేస్తే ఆమె జవాబివ్వదు, ఇంకో ప్రశ్న వేస్తుంది. ఆ ప్రశ్నకు నా దగ్గర ఎప్పుడూ జవాబుండదు.

బిస్కెట్లు కాల్చడానికి మాకు ఒవెన్ లేదు. దానికి దారి పక్కింటామె చూపించింది. వాళ్ళాయన రేకు పని చేస్తాడు, జల్లెళ్ళు, ట్రంకు పెట్టెలు కొడతాడు. రంజాన్ వస్తుందంటే ఆమె ఇంట్లోనే నాన్‌ఖటాయి పిండి కలిపి, రేకు పళ్ళేల్లో పేర్చి, బేకరీవాళ్ళ బట్టీకి తీసుకుపోయి కాల్పించుకొని వస్తుంది. ఆ వీధిలో అందరూ అదే చేస్తారు. బట్టీ ముందు పళ్ళేలు వరుసగా ఉంటాయి. ఎవరిది ఎవరిదో తెలియడానికి ఒకామె అంచున లవంగం గుచ్చుతుంది, ఒకామె దారం కడుతుంది. మా ఆవిడ కూడా తన పిండి అక్కడికే తీసుకుపోతానంది.

నాకు వంశం గుర్తొచ్చింది. మామూలుగా నాకు వంశం గుర్తుకు వచ్చేది ఇటువంటప్పుడే.

"పళ్ళెం ఎత్తుకొని బట్టీకాడ నిలబడతావా? మన ఇంటి ఆడోళ్ళు యాడన్నా అట్ల నిలబడినారా?"

"నీళ్ళ ట్యాంకరు కాడ నిలబడినారు. రేషను అంగడి కాడ నిలబడినారు. ఆడ పోని మర్యాద బట్టీకాడ పోతాదా?"

"నేను పంపీను. అంతే."

ఆమె పోలేదు. పాత డేగిసా ఒకటి అటక మీది నుంచి దించి, అడుగున ఇసుక పోసి, ఇసుక మీద స్టాండు, స్టాండు మీద పళ్ళెం పెట్టి, మూత మీద బరువుకు రుబ్బురోలు పొత్రం ఎత్తింది. ఇసుక బాగా కాగాక ఒక్కో వాయికి కొన్నే కాలుతాయి. మా జిల్లాలో ఇసుకతో మిద్దెలు లేపినవాళ్ళను చూశాను, కార్లు కొన్నవాళ్ళను చూశాను, ఎన్నికలు గెలిచినవాళ్ళను కూడా చూశాను. దాంతో బిస్కెట్లు కాల్చిన మనిషిని మాత్రం మా వంటింట్లోనే చూశాను. ఇసుకతో ఎవరికీ నష్టం లేని పని చేసింది బహుశా ఆమె ఒక్కతే.

వెన్న, చక్కెర పొడి కలిపి అరచేత్తో తెల్లగా నురుగొచ్చేదాకా తిప్పడం పక్కింటామె నేర్పింది. ఆ తిప్పడం చూసి నేను, "ఒంటికి పూసుకునే దానికా, తినే దానికా?" అన్నాను. ఇద్దరూ నన్ను చూడకుండానే నవ్వారు. అచ్చులు పక్కింటాయన డబ్బా రేకు వంచి చేసిచ్చాడు. నక్షత్రం ఒకటి, గంట ఒకటి. మూడోది మా ఆవిడ నేల మీద సుద్దతో గీసి చూపించింది. నడుమ నొక్కుకున్నట్టు, రెండు గుండ్రాలు కలిసినట్టు.

"ఏందిది?" అన్నాను.

"శెనక్కాయ."

"లోకమంతా చెట్టు, గంట, చుక్క అంటాంటే నీకు శెనక్కాయ గుర్తొచ్చిందా?"

"ఈడ ఏసేది అదే కదప్పా. చేన్లో ఎట్లా పండల్యా. బిస్కెట్టులోనన్నా పండనీ."

ఆ పిండిలో వేయించిన శెనక్కాయ విత్తుల పొడి కలిపింది. చక్కెర పొడిలో నిమ్మరసం, పాలు కలిపిన ముద్దను పాల ప్యాకెట్టులో నింపి, మూల చిన్నగా కత్తిరించి, దాంతో గీతలు గీసింది. మా డిసెంబరు గాలికి తడి అనేది పడదు. గీత గీసేలోగా ప్యాకెట్టు మూతి దగ్గర చక్కెర గట్టిపడిపోతుంది. ఆమె పక్కన తడిగుడ్డ పెట్టుకొని, రెండు బిస్కెట్లకొకసారి మూతి తుడుస్తూ, శెనక్కాయ పొట్టు మీద ఉండే అడ్డగీతలూ నిలువుగీతలూ ఒక్కటి కూడా వదలకుండా వేసింది. తొడిమ దగ్గర పాలకూర రసంతో రెండు చిన్న ఆకులు.

నేను తిని, "కొంచెం తీపి ఎక్కువైంది" అన్నాను. నాకు రుచి తెలిసినవాడని పేరు. ఆ పేరు నాకు పెట్టింది నేనే. మరుసటి రోజు మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు ఎవరూ చూడకుండా డబ్బా సగం ఖాళీ చేశాను. అది కూడా చెప్పలేదు.

జనవరి ఒకటో తేదీన మా వైపు ఒక యాత్ర ఉంటుంది. కాంట్రాక్టర్లు, అంగళ్ళవాళ్ళు, పంచాయితీ మెంబర్లు, ఏ పనీ లేనివాళ్ళు అందరూ కేకులు, శాలువాలు, ఆపిల్ పండ్లు పట్టుకొని అన్న ఇంటికి పోతారు. అన్న శాలువా వేయించుకుంటాడు, ఫోటో దిగుతాడు, శాలువా తీసి వెనకున్న మనిషికి ఇస్తాడు, ఆయన దాన్ని మడిచి లోపల పెడతాడు. సాయంత్రానికి ఆ ఇంట్లో ఉన్న కేకులతో ఒక గోడ కట్టొచ్చు. నేనూ ప్రతి ఏడూ పోతాను. ఆ ఏడు నా కేకు స్కూటరు ముందు నుంచి జారి రోడ్డు మీద పడింది. ఇంటికి తిరిగొచ్చి మా ఆవిడ బిస్కెట్లు అడిగాను.

ఆమె ముఖం వెలిగిన తీరు ఇప్పుడు తలుచుకోవడానికి ఇష్టం లేదు. ఏరి ఏరి మంచివి పెట్టింది. "వదినమ్మకు చూపించు. నేను చేసినానని చెప్పు. ఈ నెల్లో ఆమె పెట్టే పొదుపు సంఘాల వంటల పోటీ ఉండాది. గెలిచినామె మిగతా ఆడోళ్ళకు నేర్పియ్యాల. నాకు ఆశగా ఉండాది" అంది. ఆమె పదో తరగతి అయిన వెంటనే మా ఇంటికి వచ్చింది. అప్పటి నుంచి ఎవరికైనా ఏదైనా నేర్పే అవకాశం ఆమెకు నా రూపంలో తప్ప రాలేదు. నేను నేర్చుకునే రకం కాదు.

స్టీలు డబ్బాలో తీసుకుపోతే చులకనగా ఉంటుందని, ఎవరి పెళ్ళికో వచ్చిన బెంగళూరు మిఠాయి అంగడి అట్టపెట్టెలోకి మార్చాను. బంగారు రంగు మూత. నా అబద్ధానికి మొదటి అక్షరం ఆ మూత మీదే ఉంది.

అన్న కొరికాడు, అడిగాడు, నేను నవ్వాను. అంతటితో ఆగినా సగం పాపంతో పోయేది. అన్న ఇంకొకటి తీసి వెలుతురులో తిప్పి చూశాడు.

"ఒరే, ఇది శెనక్కాయ కదప్పా! బెంగళూరోనికి మన శెనక్కాయ ఎట్ల తెలిసె?"

వరండాలో అందరూ నా వైపు చూశారు. నా జీవితంలో అంతమంది ఒకేసారి నా వైపు చూడటం అదే మొదలు.

"నేనే గీసిచ్చి చేయించినా అన్నా" అన్నాను. "మన జిల్లా గుర్తు ఉండాల కదా అని."

"శెబాష్! రైతుబిడ్డ అంటే నువ్వప్పా!"

చేను కౌలుకిచ్చి చాలా ఏళ్ళయింది నాకు. అయినా రైతుబిడ్డనయ్యాను. అన్న లోపలికి కేకేసి వదినమ్మను పిలిచి ఆమెకూ ఒకటిచ్చాడు. ఆమె తిని, "ఎంత బాగుండాయి" అంది, మనస్ఫూర్తిగా. నా భుజం మీద అన్న చెయ్యి ఉంది. ఆ చెయ్యి తియ్యించే మాట నా నోటికి రాలేదు.

ఇంటికి వచ్చాక మా ఆవిడ గుమ్మంలోనే అడిగింది. "ఏమన్నారు?"

"బాగుండాయన్నారు."

"నేను చేసినానని చెప్పినావా?"

"అన్నీ చెప్పినా" అని స్నానానికి పోయాను. స్నానం అప్పటికే అయిపోయింది. మళ్ళీ చేశాను.

వంటల పోటీ కల్యాణమండపంలో పెట్టారు. బల్లలు వేసి, తెల్లగుడ్డలు పరిచి, ఒక్కో సంఘం ఆడవాళ్ళు తమ పలహారాలు పెట్టారు. మా ఆవిడ శెనక్కాయ బిస్కెట్లను పీకిన చెట్టు వేర్లకు వేలాడినట్టు పళ్ళెంలో అమర్చింది. నేను వెనకాల అన్న మనుషులతో టీ తాగుతూ నిలబడ్డాను. రాకుండా ఉండొచ్చు. రాకపోతే ఏదైనా బయటపడుతుందని వచ్చాను. వచ్చి ఏం చేయాలో మాత్రం అనుకోలేదు.

వదినమ్మ ఒక్కో బల్లా చూసుకుంటూ వచ్చి మా ఆవిడ పళ్ళెం ముందు ఆగింది. ఒకటి తీసుకొని కొరికింది. ముఖంలో నవ్వు పోయింది.

"ఇవి మీ ఆయప్ప బెంగళూరులో చేయించి తెచ్చినవి కదమ్మా? మా ఇంట్లో తిన్యాం. కొన్నవి తెచ్చి ఈడ పెడితే ఎట్ల? ఈళ్ళంతా పొద్దున్నించి పొయ్యికాడ కూచోని చేసుకొచ్చినారు."

మా ఆవిడకు అర్థం కాలేదు. "లేదు వదినమ్మా, నేనే చేసినా. ఇసకలో కాల్చినా."

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. "ఇసకలోనంట!"

పక్కింటామె ముందుకు వచ్చింది. "అమ్మా, నా కండ్లతో చూసినా. అచ్చు మా ఇంటాయప్ప చేసిచ్చినాడు."

"నువ్వు ఆమె పక్కింటిదానివి. నువ్వు అట్లనే చెప్తావులే తల్లీ" అంది వదినమ్మ. కోపంగా కాదు. ఆమె తప్పేమీ లేదు. ఆమె నన్ను నమ్మింది.

అప్పుడు మా ఆవిడ మండపం అంతా వెతికి నన్ను పట్టుకుంది, కళ్ళతోనే. "చెప్పు" అంది. ఆ ఒక్క మాటే. గట్టిగా కూడా అనలేదు.

నేను టీ గ్లాసులోకి చూశాను. టీలో మీగడ కట్టింది. అన్న మనుషులు ఇద్దరు నా పక్కనే ఉన్నారు. "ఇంటికి పోయి మాట్లాడుకుందాం, పా" అన్నాను.

ఆ మాట విన్న ఎవరికైనా ఏమర్థమవుతుందో అదే అక్కడున్న వాళ్ళందరికీ అర్థమైంది. భార్య పొరపాటు చేస్తే మర్యాదగా కప్పిపుచ్చే మంచి భర్తను నేను. ఇద్దరు ముగ్గురు నన్ను జాలిగా కూడా చూశారు.

ఆమె రాలేదు. పోటీ అయ్యేదాకా తన పళ్ళెం వెనకాలే నిలబడింది. ఎవరూ ఒక్కటి తీసుకోలేదు. గెలిచింది ఎవరో జొన్న మురుకులామె.

ఇంట్లో రభస జరుగుతుందని ఎదురుచూశాను. జరగలేదు. ఒకటో తేదీన అన్న ఇంట్లో ఏం జరిగిందో పక్కింటామె నాలుగు చోట్ల అడిగి కనుక్కొని వచ్చి చెప్పింది. మా ఆవిడ విని, "సరేలే అక్కా" అంది. డేగిసాలో ఇసుక బొప్పాయి చెట్టు మొదట్లో పోసేసింది. అచ్చులు పక్కింటికి తిరిగిచ్చేసింది. ట్యాంకరు దగ్గర బిందెల వరుసలో ఎవరైనా "ఏమమ్మా, బెంగళూరు నుంచి బిస్కెట్లు రాలేదా?" అంటే బిందె నింపుకొని వచ్చేసేది. నేను ప్రశ్న వేస్తే ఎదురు ప్రశ్న వేయడం కూడా మానేసింది. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పేది. ఊ, కాదు, అయింది, లేదు. అంత భయంకరమైన మర్యాద నేను ఎప్పుడూ చూడలేదు.

నేను ఒక ఒవెన్ కొన్నాను. మగవాడి క్షమాపణ మామూలుగా వస్తురూపంలోనే వస్తుంది, వారంటీ కార్డుతో సహా. ఆమె దాన్ని విప్పి, తుడిచి, లోపల ఊరగాయ జాడీలు పెట్టింది. అందులోకి ఎలుకలు దూరవని చెప్పింది.

మళ్ళీ డిసెంబరు వచ్చింది. అన్న ఫోను చేశాడు. "ఏమప్పా, ఈ తూరి శెనక్కాయలు ఎక్కువ తీసుకురా. హైదరాబాదు నుంచి మనోళ్ళు వస్తాండారు."

ఇక్కడ తెలివున్నవాడు నిజం చెప్పేస్తాడు. నేను బెంగళూరు బస్సెక్కాను.

బేకరీ బేకరీ తిరిగాను. చివరికి ఒకాయన సరేనన్నాడు, తెలుగు వచ్చినాయన. నమూనా ఉందా అన్నాడు. లేదన్నాను. బొమ్మ గీసిచ్చాను. వరండాలో నేనే గీసిచ్చినట్టు చెప్పుకున్న బొమ్మ నా జీవితంలో మొదటిసారి అప్పుడే గీశాను.

"ఎనిమిది అంకెనా సార్? పిల్లోని బర్త్‌డేనా?"

"శెనక్కాయ."

ఆయన కాగితం అడ్డంగా తిప్పి, నిలువుగా తిప్పి చూశాడు. "మీరు చెప్తే సరే సార్" అన్నాడు.

చేసిచ్చాడు. చేతికి డాల్డా అంటింది. పైన ఆకుపచ్చ చక్కెర బస్సు షెల్టరుకు వేసే పెయింటులా ఉంది. అడ్డగీతలు లేవు, నిలువుగీతలు లేవు. అడిగితే, "అంత ఓపిక ఎవరికి ఉంటాది సార్" అన్నాడు. తిరుగు బస్సులో ఒళ్ళో డబ్బాలు పెట్టుకొని కూర్చున్నప్పుడు, ఆ ఓపిక ఎవరికి ఉండేదో, దాన్ని నేనేం చేశానో తప్ప వేరే ఏదీ తోచలేదు. కిటికీలోంచి చూద్దామన్నా అంతా ఎండిన చేన్లే.

ఒకటో తేదీన అన్న ఒకటి కొరికి, పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

"ఏందప్పా ఇది? పోయినేడువి యాడికి పోయినాయి?"

వదినమ్మ అక్కడే ఉంది. ఆమెకు శుభాకాంక్షలు చెప్పడానికి సంఘం ఆడవాళ్ళు వచ్చి ఉన్నారు. "మీ బెంగళూరోడు చెడిపోయినాడు" అంది నవ్వుతూ.

"బెంగళూరోడు ఎవరూ లేరు వదినమ్మా" అన్నాను. "పోయినేడువి మా ఇంట్లో నా భార్య చేసింది. శెనక్కాయ గూడా ఆమె ఆలోచనే. ఆ పొద్దు నేను అబద్ధం చెప్పినా."

అన్న పగలబడి నవ్వాడు. "ఓస్, దీనికేముండాదప్పా! నేనేదో అనుకుంటి. అయితే ఇంటికి పోయి ఆమెతో చేయించి పంపీ!" ఆయన చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. ఆ వరండాలో అబద్ధం చెప్పడం ఒక తప్పు కాదు, పట్టుబడటం ఒక హాస్యం.

వదినమ్మ నవ్వలేదు.

"అంతమంది ముందర ఆయమ్మను నేను ఏమన్నానో నీకు తెలుసునా?"

"తెలుసు. నేను ఆడే ఉన్యా."

"ఆడే ఉండి గమ్మున ఉన్యావా?"

ఆమె వెనక్కి తిరిగి, "ఇట్ల రాండమ్మా అందరూ. ఈయప్ప ఏమో చెప్తాండాడు, వినండి" అంది. మళ్ళీ చెప్పాను, ఈసారి ఆడవాళ్ళందరి ముందు, మొదటి నుంచి. జొన్న మురుకులామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక పెద్దామె, "థూ, నీ మగతనం కాల" అని, నాకు వినపడాలనే అంది. వదినమ్మ, "ఆమెకు నా తప్పు నేను పోయి చెప్పుకుంటా. నీది నువ్వు చెప్పుకో" అని లోపలికి పోయింది.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ, పక్కింటామె వాకిట్లో అనపకాయలు ఒలుస్తున్నారు. నాకంటే ముందే ఫోను వచ్చేసింది.

"చెప్పినావంట" అంది మా ఆవిడ, తలెత్తకుండా.

"చెప్పినా."

"అన్నకు చెప్పినావు. వదినమ్మకు చెప్పినావు. ఊరందరికీ చెప్పినావు." ఒక కాయ ఒలిచి గింజలు చేటలో వేసింది. "వాళ్ళా నిన్ను చెప్పమనింది?"

ఏడాది తర్వాత ఆమె నన్ను అడిగిన మొదటి ఎదురు ప్రశ్న అది. పక్కింటామె లేవబోయింది. "నువ్వు కూచో అక్కా" అన్నాను. "నువ్వు గూడా ఆ పొద్దు ఆడ ఉన్యావు."

సారీ అనే మాట నాలుక చివర ఉంది. స్కూటరు తగిలినా అదే అంటాం కదా అని మింగేశాను. వాళ్ళ ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"నువ్వు నన్ను చూసి 'చెప్పు' అన్యావు. నాకు నిజం తెలుసు. ఆ మండపంలో అందరికంటే బాగా తెలుసు. అయినా నా భుజం మీద అన్న చెయ్యి ఉండాల అనుకున్యా, నీ మాట పోయినా పర్వాలేదు అనుకున్యా. నిన్ను అంతమంది ముందర అబద్ధాలకోరును చేసి, నేను మంచోని మాదిరి నిలబడినా. ఆ తర్వాత ఏడాదంతా నీ ముందర తింటా తిరుగుతా ఒక్క మాట చెప్పల్యా. తప్పు నీది కాదు, బిస్కెట్లది కాదు, నాది. నన్ను మన్నించు మే."